ముప్పాతిక మువ్వీసం: కొల్లాపూర్ ప్రాంత ప్రాథమిక విద్యలో గణిత పదజాల చరిత్ర

తెలుగులో శాస్త్ర పరిభాషను గురించిన చర్చ దాదాపు అంతా పై తరగతుల వైపు నుంచే సాగింది. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడిన నాటి నుంచి 1968లో తెలుగు అకాడమి స్థాపన వరకు, ఆ తరువాతా, మన పండితులు వేసుకొన్న ప్రశ్న ఒక్కటే: పారిభాషిక పదం సంస్కృతం నుంచి రావాలా, దేశిపదాల నుంచి రావాలా, ఇంగ్లీషునే ఉంచుకోవాలా? ఈ వాదంలో ఎదురుగా ఉన్న పాఠకుడు వయోజనుడు, లేదా కళాశాల విద్యార్థి. 'లవం', 'హారం' అనే మాటలను మొదటిసారి వింటున్న తొమ్మిదేళ్ల పిల్లవాడు ఆ వాదంలో ఎక్కడా కనిపించడు. పరిభాష పైన తయారై కిందికి దిగివస్తుందనీ, ప్రాథమిక పాఠశాల దానిని అందుకొంటే చాలుననీ ఒక నమ్మకం స్థిరపడిపోయింది. ఆ నమ్మకాన్ని ఒక ప్రాంతపు అనుభవంతో పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ ప్రాంతం కొల్లాపూర్. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలోనిది. ఒక పక్క నల్లమల, దక్షిణాన కృష్ణ. జటప్రోలు సంస్థానాధీశులైన సురభి వంశీయులు పంతొమ్మిదో శతాబ్దిలో తమ రాజధానిని జటప్రోలు నుంచి ఇక్కడికి మార్చారు. సాహిత్యచరిత్రకారులు ఈ సంస్థానాన్ని సురభి మాధవరాయల చంద్రికాపరిణయ ప్రబంధం కోసం తలుస్తారు, ఆస్థాన కవిపండితుల కోసం తలుస్తారు. లెక్కల కోసం ఎవరూ తలవరు. అయితే ఒక బాలుడు లెక్క నేర్చుకోవడానికి ఎన్ని భాషలు దాటవలసి వచ్చిందో చూడడానికి తెలుగునాట ఇంతకన్న అనువైన చోటు తక్కువ. నది ఇవతల నిజాం రాజ్యం, అవతల కర్నూలు, మద్రాసు రాజధాని. ఇవతల ఉర్దూ పాఠశాల, అవతల తెలుగు పాఠశాల. రెండు ఒడ్డులలోనూ ఇంటి భాష తెలుగే.

నాలుగేసి చొప్పున దిగే భిన్నాలు

పాత వీధిబడులలో లెక్కలు ఎలా చెప్పేవారో తెలియజేసే ఆధారాలలో ముఖ్యమైనది బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక. గవర్నరు థామస్ మన్రో 1822లో ఆదేశించిన విచారణకు జవాబుగా రాసినది. నాటి బళ్లారి జిల్లాలో 533 బడులు లెక్కకు రాగా వాటిలో 226 తెలుగు బడులు. కర్నూలు అప్పటికి నవాబు ఏలుబడిలో ఉన్నందున ఆ విచారణలోకి రాలేదు. కొల్లాపూర్ అసలే రాదు. కనుక ఈ నివేదికను కొల్లాపూర్ బడుల వర్ణనగా చదవడం తప్పు. కాని ఉభయ ప్రాంతాలలోను కొలతల పేర్లు, వీధిబడి పద్ధతి ఒకే కుదురుకు చెందినవి కనుక దానిని సమీప సాక్ష్యంగా తీసుకోవచ్చు.

క్యాంప్‌బెల్ గమనించిన ఒక విషయం మన పరిశోధకుల దృష్టికి తగినంతగా రాలేదు. పిల్లలకు భిన్నాలు నేర్పడంలో పంతుళ్లు విశేషమైన శ్రద్ధ చూపుతారనీ, ఆ భిన్నాలు పదేసి చొప్పున కాక నాలుగేసి చొప్పున దిగుతాయనీ, వాటిని చాలా దూరం తీసుకుపోతారనీ ఆయన రాశాడు. ఆ భిన్నాలనూ, ఎక్కాలనూ, కొలత తూకం వైశాల్యాల పట్టికలనూ రోజుకు రెండుసార్లు పిల్లలు వరుసగా నిలబడి, ముందు ఒక పెద్ద పిల్లవాడు చెబుతుండగా వెనుక అందరూ వల్లించేవారట. అదే నివేదికలో ఆయన మరొక ఫిర్యాదు చేశాడు. బడిలో చదివించే పద్యాల భాష వాడుక భాషకు దూరమైనదనీ, పిల్లలు అర్థం తెలియకుండానే వాటిని ఒప్పజెబుతున్నారనీ అన్నాడు. లెక్కలను గురించి రాసినచోట మాత్రం ఆ ఫిర్యాదు లేదు. కారణం ఊహించడం కష్టం కాదు. పద్యంలోని మాట పిల్లవాడికి బడిలో తప్ప వినిపించదు. పావు, సోల, వీసం అతడికి ఇంట్లోనూ అంగడిలోనూ వినిపిస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆ బడులను ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. వాటిలో ఆడపిల్లలు బహు స్వల్పం. అంటరానివారిగా ఎంచిన కులాల పిల్లలకు ఆ అరుగు మీద చోటు లేదు. నాలుగేసి చొప్పున దిగే భిన్నాలు చాలామందికి బడిలో కాక కల్లంలోనే తెలిశాయి.

ఆ కల్లం కొలతలను ఒకసారి చూడాలి. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ప్రాంతాన్ని బట్టి పాత్ర పరిమాణం మారేది, కొన్ని మెట్ల పేర్లు మారేవి. కాని రెట్టింపు, రెట్టింపుకు రెట్టింపు అనే అమరిక అంతటా ఒకటే. పుట్టి దగ్గర ఇరవై రావడం ఒక్కటే దానికి భంగం. సోల అంటే మానికలో పావు. గిద్ద అంటే సోలలో పావు. కనుక గిద్ద మానికలో పావుకు పావు, అనగా పదహారో వంతు. ఈ సంబంధాన్నే అంకెల లోకంలో కాలు, వీసం, కాణి అనే వరుస చెబుతుంది: ఒకటిలో నాలుగో వంతు కాలు, కాలులో నాలుగో వంతు వీసం, వీసంలో నాలుగో వంతు కాణి. రూపాయికి పదహారు అణాలు కావడం వల్ల నాణెం కూడా ఈ వరుసలో చక్కగా ఒదిగింది. అణా రూపాయిలో వీసం.

ఈ భిన్నాలను రాయడానికి ప్రత్యేకమైన గుర్తులు ఉండేవి. నాలుగులో బేసి ఘాతాలకు నిలువు గీతలు, సరి ఘాతాలకు అడ్డగీతలు. అంటే కాలుకు నిలువు, వీసానికి అడ్డం, కాణికి మళ్లీ నిలువు. హారం రాయనక్కరలేదు, గీత నిలబడిందా పడుకొన్నదా అన్నదే స్థానాన్ని చెబుతుంది. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1లో ఈ గుర్తులకూ, వాటితోపాటు తూము గుర్తుకూ స్థానం లభించింది. మన గణిత బోధనలో దొరకని చోటు వాటికి కంప్యూటరులో దొరికింది.

లిపి పోయినా మాట పోలేదు. 'ముప్పాతిక మువ్వీసం' అనే జాతీయాన్ని మనం 'దాదాపు అంతా' అనే అర్థంలో వాడుతాం. లెక్క వేసి చూస్తే ముప్పాతిక పదహారింట పన్నెండు, మువ్వీసం పదహారింట మూడు. కలిపితే పదహారింట పదిహేను. నిండుకు ఒక్క వీసం తక్కువ. 'దాదాపు' అనే అస్పష్టభావాన్ని ఒక కచ్చితమైన భిన్నంతో చెప్పిన సమాజం అది. అలాగే 'పని మూడొంతులు అయింది' అంటాం. ఎన్నింట మూడు? ఎవరూ అడగరు. నాలుగింట మూడు అని అందరికీ తెలుసు. హారం చెప్పకపోతే అది నాలుగే అన్న పూర్వపు కట్టుబాటు ఈ వాడుకలో మిగిలి ఉంది. ఈ మాట దగ్గరికి మళ్లీ రావలసి ఉంటుంది.

రాశి, త్రైరాశికం

పండిత గణితం ఈ కల్లం లెక్కకు పూర్తిగా పరాయిది కాదు. పదకొండో శతాబ్దివాడుగా భావింపబడుతున్న పావులూరి మల్లన, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలపు జైన గణితవేత్త మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు చేశాడు. శాస్త్రగ్రంథానువాదాలలో తెలుగులో ఇదే తొలిది అని సాహిత్యచరిత్రలు చెబుతాయి. మూలంలోని జైన సందర్భాలను ఆయన శైవానికి అనుగుణంగా మార్చుకొన్నాడు. పరికర్మల పేర్లను మాత్రం, అనగా భాగహారం, వర్గం, వర్గమూలం, ఘనం వంటి వాటిని, సంస్కృతంలోనే ఉంచాడు. ఉదాహరణ మారవచ్చు, సంజ్ఞ మారనక్కరలేదు అన్నది ఆయన మార్గం. నేటి పాఠ్యపుస్తక రచయితలు కూడా తెలియకుండానే ఈ మార్గంలోనే ఉన్నారు.

ఆ సంజ్ఞలలో ఒకటి మన ప్రయోజనానికి ప్రత్యేకంగా పనికివస్తుంది. త్రైరాశికం అంటే మూడు రాశులతో నాలుగోది కనుక్కొనే లెక్క. 'రాశి' సంస్కృతపదమే, కాని దక్షిణ తెలంగాణ రైతు ఇంటి పిల్లవాడికి దానికి నిఘంటువు అక్కరలేదు. కల్లంలో తూర్పారబట్టిన ధాన్యపు కుప్పే రాశి, వాడి నోట 'రాసి'. సంస్కృతపదం కనుక కష్టం, దేశిపదం కనుక సులభం అనే సూత్రం ఇక్కడే వీగిపోతుంది. పదం ఏ భాషదన్నది కాదు, బిడ్డ దానిని బడికి రాకముందు ఎక్కడైనా చూశాడా అన్నది ప్రశ్న.

త్రైరాశికం కొల్లాపూర్ ఒడ్డున పుస్తకపు లెక్క కాదు. నిజాం రాజ్యంలో చెల్లేది హాలీ సిక్కా, నది అవతల చెల్లేది బ్రిటిషు వారి కల్దారు. నూరు కల్దార్లకు నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు హాలీ అని ప్రభుత్వపు మారకం. చిల్లర లెక్కలో ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. సోమశిల వద్ద పుట్టి ఎక్కి సిద్ధేశ్వరం వైపు దాటే మనిషి పశువును కొన్నా, బట్ట కొన్నా ఈ లెక్క వేయక తప్పదు. 'ఆరుకు ఏడైతే ఇరవై నాలుగుకు ఎంత?' ఈ ప్రశ్నలో పారిభాషిక పదం ఒక్కటీ లేదు, త్రైరాశికం మొత్తం ఉంది. హాలీ నాణెం 1950ల చివరిదాకా వాడుకలో ఉంది కనుక ఈ లెక్క తెలిసిన తరం మన తాతల తరమే.

జర్బ్, తక్సీమ్

1880లలో హైదరాబాదు రాజ్యంలో ఫార్సీ స్థానంలో ఉర్దూ అధికారభాష అయింది. ప్రాథమిక స్థాయిలో కొన్నిచోట్ల తెలుగు బోధన ఉన్నప్పటికీ పై తరగతులకు ఉర్దూయే మాధ్యమం. ఊరి ఖాంగీ బడిలో తెలుగులో ఎక్కాలు నేర్చిన బాలుడు సర్కారు బడి మెట్టెక్కగానే కూడిక 'జమా', తీసివేత 'తఫ్రీక్', హెచ్చవేత 'జర్బ్', భాగహారం 'తక్సీమ్' అయ్యేవి. లెక్కల పేర్లకన్న పెద్ద చిక్కు అంకెల పేర్లలో ఉంది. తెలుగులో ఇరవై దాటిన తరువాత అంకెల పేర్లు ఒక క్రమంలో నడుస్తాయి: ఇరవై ఒకటి, ఇరవై రెండు. పదుల పేర్లు తెలిసినవాడు తొంభై తొమ్మిది దాకా తనంతట తానే చెప్పగలడు. ఉర్దూలో నూరు వరకు ఇంచుమించు ప్రతి సంఖ్యకూ విడిగా పేరు నేర్వాలి. ఇరవై తొమ్మిది 'ఉన్‌తీస్', అంటే ముప్పైకి ఒకటి తక్కువ. డెబ్బై తొమ్మిది 'ఉనాసీ'. కాని ఎనభై తొమ్మిది ఆ పద్ధతిని వదలి 'నవాసీ' అవుతుంది. స్థానవిలువను మాటలోనే చూపే భాషను వదలి, దానిని దాచే భాషలో స్థానవిలువ నేర్చుకొమ్మని అడగడం ఇది. మాతృభాషలో విద్య కావాలన్న నాటి కోరికకు జాతీయకారణాలను మనం ఎన్నో చెప్పుకొంటాం. ఈ చిన్న గణితకారణం కూడా వాటి పక్కన ఉండదగినదే.

ఉర్దూ పక్షాన ఒక మాట చెప్పాలి. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం ఏర్పడిన దారుల్ తర్జుమా, అనగా అనువాద విభాగం, భారతీయ భాషలలో ఉన్నత విద్యకు పరిభాష కల్పించిన తొలి బృహత్ప్రయత్నాలలో ఒకటి. పదాలను అరబ్బీ ధాతువుల నుంచే తీయాలా, ఉర్దూ తన సొంత సామగ్రితో కల్పించుకోవాలా అన్న వాదం అక్కడా జరిగింది. వహీదుద్దీన్ సలీం 1921 నాటి తన గ్రంథం 'వజా-ఎ-ఇస్తిలాహాత్'లో ఉర్దూ స్వీయశక్తి పక్షాన వాదించాడు. మన సంస్కృతం, అచ్చతెలుగు వివాదానికి అది అద్దం పట్టినట్లుంటుంది. అక్కడ కూడా చర్చ విశ్వవిద్యాలయం కోసమే జరిగింది. భిన్నంలో పైనున్న అంకెకు 'శుమార్ కునిందా', కిందున్నదానికి 'నసబ్ నుమా', త్రిభుజానికి 'ముసల్లస్', కోణానికి 'జావియా' అని నేర్చినవారిలో తెలుగు పిల్లలూ ఉన్నారు.

ఆ పదాలలో ఏవి మిగిలాయి? ఈ ప్రశ్నకు జవాబు పరిభాషా చరిత్రకు చాలా అవసరమని నా అభిప్రాయం. 'జమ' మిగిలింది. తీసివేతలో మిగిలేదానికి ఉర్దూ బడి చెప్పే 'బాకీ' మిగిలింది, అప్పు అనే అర్థంతో. 'సవా', 'డేఢ్', 'ఢాయి' తెలంగాణ అంగళ్లలో నేటికీ వినిపిస్తాయి. 'రక్బా', 'తరి', 'ఖుష్కి' భూమి దస్తావేజులలో నిలిచాయి. భిన్నాన్ని చదవడానికి వాడే 'బటా' సర్వే నంబర్లలో నిలిచింది. తమాషా ఏమంటే నలభై ఐదు బటా రెండు అనే సర్వే నంబరు భిన్నమే కాదు, ఒక నంబరులోని రెండో ముక్క. 'నసబ్ నుమా' మాత్రం ఒక్క తరంలో మాయమైంది. సంతలోనో సాగులోనో కాలు మోపిన మాట బడి మారినా బతికింది. తరగతి గదిలో తప్ప తిరగని మాట తరగతితోపాటే వెళ్లిపోయింది.

దీనిని ఉర్దూకు మాత్రమే వర్తించే తీర్పుగా తీసుకోరాదు. ఆ తరువాత వచ్చినవాటికీ ఇదే కొలబద్ద.

ఒకే పెట్టెలో నాలుగు మాటలు

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన, 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన ఆంధ్రమహాసభలు జరిగాయి. వీరిద్దరూ మహబూబ్‌నగర్ జిల్లావారే. మాతృభాషలో ప్రాథమిక విద్య ఆ ఉద్యమపు స్థిరమైన కోరిక. 1948 తరువాత అది నెరవేరింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక నది రెండు ఒడ్డులకూ ఒకే పాఠ్యపుస్తకం వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుంచి దశాంశ నాణేలు వచ్చాయి, వాటి వెనుకనే మెట్రిక్ కొలతలు. అంటే పదేళ్ల వ్యవధిలో కొల్లాపూర్ పిల్లవాడి లెక్కకు భాష మారింది, నాణెం మారింది, కొలత మారింది. నాలుగేసి చొప్పున దిగే లోకం నుంచి పదేసి చొప్పున దిగే లోకానికి అతడు ఒక్కసారిగా చేరాడు. మారిన లెక్క మంచిదే, అందులో సందేహం లేదు. రెంటికీ మధ్య వంతెన వేసే పని మాత్రం ఎవరి పనీ కాకపోయింది.

కొత్త పుస్తకం మాటలు ఎలాంటివో చూడడానికి రేఖాగణితపు పెట్టెను తెరిస్తే చాలు. అందులో 'వృత్తలేఖిని', 'విభాగిని', 'కోణమానిని', 'మూలమట్టాలు' ఉంటాయి. మొదటి మూడూ పండితులు కల్పించినవి. నాలుగోది గోడ కట్టే మేస్త్రీ చేతిలోని పనిముట్టు పేరు. తెలంగాణలో ఆ పనిముట్టును 'గుణియా' అంటారు. పేరు ఏదైనా, లంబకోణం అంటే ఏమిటో తెలియని పిల్లవాడికి గుణియా పెట్టి గోడ మూల సరిచూసే మేస్త్రీ తెలుసు. వేలాడేది లంబం అని, మేస్త్రీ వదిలే గుండుదారం అదేనని చూపితే లంబకోణం మాట కూడా వాడిదవుతుంది. 'కోణమానిని' సంగతి వేరు. దానికి ఊళ్లో ఆనవాలు లేదు, కొత్త వస్తువుకు కొత్త పేరు, అంతే. దానిని తప్పుపట్టడం కూడా అన్యాయం.

ఎక్కువ ఇబ్బంది పెట్టేవి తెలియని మాటలు కావు, వేరే అర్థంతో తెలిసిన మాటలు. 'వర్గం' అంటే పిల్లవాడికి ఊళ్లో జట్టు. 'పదం' అంటే పాట. 'గుణం' అంటే మనిషి స్వభావం. 'కారణాంకం'లో కారణం ఏమిటో వాడికి తోచదు. 'తీసివేత' తెలిసినదే, కాని 'రామయ్య దగ్గర పన్నెండు మేకలు, మల్లయ్య దగ్గర తొమ్మిది, ఎవరికి ఎన్ని ఎక్కువ?' అన్న లెక్కలో ఎవరూ దేనినీ తీసివేయలేదు. 'ఎక్కువ' అన్న మాట చూసి పిల్లవాడు కూడుతాడు. ఇది లెక్క రాకపోవడం కాదు, మాట పట్టుకొని లెక్క చేయడం. పాత మాట 'హెచ్చవేత'లో ఇంకొక ముప్పు ఉంది. హెచ్చు అంటే పెరగడం. అరను అరతో హెచ్చవేస్తే పావు వస్తుంది, తగ్గుతుంది. 'గుణకారం' ఈ భ్రమకు తావివ్వదు. సంస్కృతపదం మేలు చేసిన సందర్భం ఇది.

ఎక్కాల భాష ఇంకా లోతైనది. 'మూడు రెళ్ళు ఆరు' అన్న వాక్యంలో 'రెళ్ళు' రెండు అనే మాటకు బహువచనం, 'మూడు' దానికి విశేషణం. రెండ్లు మూడు ఉంటే ఆరు అని అర్థం. 'మూడు నాలుగులు పన్నెండు' అన్నా అంతే. గుణకారం అంటే సమాన గుంపుల లెక్క అన్న సత్యాన్ని తెలుగు ఎక్కం ఒక బహువచన ప్రత్యయంలో భద్రపరిచింది. కాని మూడో ఎక్కాన్ని బొమ్మలతో వివరించేటప్పుడు సాధారణంగా మూడేసి కాయల గుంపులు ఒకటి, రెండు, మూడు అని పెంచుతూ చూపుతాం. అక్కడ రెండో వరుస నిజానికి 'రెండు మూళ్ళు ఆరు'. నోరు ఒకటి చెబుతుంది, బొమ్మ ఇంకొకటి చూపుతుంది. ఫలితం ఒకటే కావడం వల్ల ఎవరికీ పట్టలేదు. 'మూడు ఇంటూ రెండు' అని చదవడం మొదలైన తరువాత ఆ బహువచనం కూడా పోయి, వాక్యం కాస్తా గుర్తుల వరుస అయింది. భాగహారానికి తెలుగు ఇచ్చే సాయం కూడా ఇలాగే వృథా అవుతోంది. 'తలా మూడేసి' అన్నప్పుడు ఆ 'ఏసి' ప్రత్యయమే సమానంగా పంచడాన్ని చెబుతుంది. దానిని భాషా పాఠంలో చెప్పరు, లెక్కల పాఠంలో అసలే చెప్పరు. తెలుగు శాఖలవారు ఈ ప్రత్యయాలను వ్యాకరణ దృష్టితో ఎన్నోసార్లు పరిశీలించారు. అవి ప్రాథమిక గణితానికి ఉపకరణాలన్న దృష్టితో చూడవలసే ఉంది.

ఇప్పుడు 'మూడొంతులు' దగ్గరికి. పుస్తకం 'మూడో వంతు' అంటే మూడింట ఒకటి. ఇల్లు 'మూడొంతులు' అంటే నాలుగింట మూడు. చెవికి ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఒక అచ్చు, ఒక బహువచనం. ఉపాధ్యాయుడు మొదటిది చెబుతున్నాడు, పిల్లవాడు రెండోది వింటున్నాడు. జవాబు తప్పినప్పుడు భిన్నాలు రాలేదని నిర్ణయం జరుగుతుంది. నిజానికి వాడికి వచ్చిన భిన్నం మనకు వినిపించలేదు.

భూమి లెక్కలో ఈ నష్టం బడితో ఆగలేదు. నది అవతల ఎకరానికి నూరు సెంట్లు, ఇవతల నలభై గుంటలు. సెంట్లు దశాంశాలలో సులువుగా ఒదుగుతాయి, గుంటలు ఒదగవు. రెండు ఎకరాల ఇరవై గుంటలను 2.20 అని రాస్తారు, కాని అది రెండున్నర ఎకరాలు. బడిలో దశాంశాలు నేర్చుకొన్న పిల్లవాడు దానిని రెండుంబావుకు కూడా తక్కువగా చదువుతాడు, బడికి వెళ్లని తండ్రి రెండున్నరగానే చదువుతాడు. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం కింద జటప్రోలుతో సహా కొల్లాపూర్ తాలూకా నదీతీర గ్రామాలు మునిగినప్పుడు, ఆలయాలను విప్పి గట్టు మీదికి తరలించారు. మనుషుల భూములు కాగితాల మీద ఎకరాలుగా, గుంటలుగా, తరి ఖుష్కిలుగా, బటా నంబర్లుగా మారాయి. ఆ కాగితాన్ని చదవగల గణిత పదజాలం ఏ తరగతి పుస్తకంలోనిదీ కాదు. ఉర్దూ దస్తావేజు నుంచీ తెలుగు కల్లం నుంచీ వచ్చిన మాటలవి.

ఎదురెదురు పుటలు

2022-23 విద్యాసంవత్సరంలో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టినప్పుడు ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు. ఏర్పాటుగా ఇది మెచ్చదగినదే. కాని 'హారం'కు ఎదురుగా 'డినామినేటర్' ఉన్నప్పుడు, తెలుగు పుట ఇంగ్లీషు పుటకు మెట్టు కావాలంటే ముందు తెలుగు పుట పిల్లవాడికి అందాలి. 'హారం' అనగానే వాడికి మెడలో వేసుకొనే దండ గుర్తుకు వస్తే రెండు పుటలూ పరాయివే. ఈ ప్రాంతపు తండాలలోని లంబాడీ పిల్లలకు చిక్కు ఇంకా ఎక్కువ. వారి ఇంటి సంఖ్యాపదాలు తెలుగు వరుసవి కావు, హిందీ కుటుంబానివి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన బహుభాషా విద్యాకార్యక్రమం ఎన్నుకొన్న గిరిజన భాషలలో వారి భాష ఉంది. అక్కడి అనుభవం గణిత పదాల విషయంలో విడిగా పరిశీలింపదగినది, ఈ వ్యాసం పరిధికి మించినది.

ఇక చేయదగిన పని. రాష్ట్రమంతటికీ ఇంకొక పారిభాషిక నిఘంటువు కూర్చడం కన్న ముందు, ఒక్కొక్క మండలంలో కొలవడానికి, పంచడానికి, పోల్చడానికి, తూచడానికి, వాలు చూడడానికి వాడే మాటలను సేకరించాలి. మేస్త్రీలు, వడ్రంగులు, దర్జీలు, మామిడితోటల్లో కాయ లెక్కించేవారు, చిట్టీలు నడిపే మహిళలు చెప్పేవాటిని వాక్యాలతో సహా రాసుకోవాలి. విడి మాట కాదు, వాక్యమే ముఖ్యం. 'మూడు రెళ్ళు' అన్నదాని విలువ వాక్యంలోనే ఉంది. అలా వచ్చినవాటిలో మూలమట్టం లాగా పుస్తకంలోకి ఎక్కదగినవి కొన్ని ఉంటాయి. మిగిలినవి పుస్తకానికి అక్కరలేదు, ఉపాధ్యాయుని నోటికి కావాలి.

క్రమం కూడా ముఖ్యమే. నాలుగో తరగతిలో ఒక కాగితాన్ని రెండు మడతలు పెట్టి విప్పి పావు చూపడం చాలా బడులలో జరుగుతున్నదే. అక్కడ ఆగకుండా ఆ పావునే మళ్లీ రెండు మడతలు పెట్టించాలి. వచ్చిన ముక్కను ఏమంటారో ఇంట్లో అవ్వను అడిగి రమ్మనాలి. వీసం అన్న మాట వస్తే మంచిది, రాకపోతే ఉపాధ్యాయుడే చెప్పవచ్చు. కాగితమంతటిలో అవి ఎన్ని పడతాయో పిల్లలు లెక్కపెట్టాలి. ముప్పాతికకు పక్కన మూడు వీసాలు పెడితే ఎంత ఖాళీ మిగులుతుందో చూడాలి. 'పదహారింట ఒకటి', ఆ పైన 1/16, ఆ పైన లవం, హారం, ఎదుటి పుటలోని ఇంగ్లీషు మాట, అన్నీ ఆ తరువాత.